అమలమ్మగారి ఐసు వైను

కొండపల్లి అబ్రహాము చేసినంత అన్యాయం ఈ భూమ్మీద తనకు ఇంకెవరూ చేయలేదని శౌరయ్య గట్టి నమ్మకం. అబ్రహాము పరాయివాడు కాదు, సొంత బాబాయి కొడుకు. కొండపల్లిలో తాతగారి ఇల్లు పంచుకున్నప్పుడు రోడ్డువైపు సగం తను ఉంచుకుని, వెనకవైపు సగం శౌరయ్యకు వదిలాడు. "నీకు నుయ్యి కూడా కలిసొచ్చింది గదా అన్నయ్యా" అన్నాడు. ఆ నూతిలో నీళ్లు లేవు. ఆ సగానికి దారి లేదు. కొనడానికి వచ్చినవాళ్లు గోడ మీదనుంచి తొంగి చూసి, మంచినీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయేవాళ్లు. ఆరేళ్లుగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

అందుకే మేనత్త అమలమ్మ స్థలం విషయంలో శౌరయ్య ముందే మేలుకున్నాడు. అమలమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, పెనమలూరు పక్కన రోడ్డు మీద స్థలం మాత్రం ఉంది. రెండేళ్ల కిందట శౌరయ్య ఆమెను పటమటలో తన ఇంటికి తెచ్చుకుని మేడమీద గది ఇచ్చాడు. కూరలో కారం ఎక్కువైందంటే కూర మార్పించాడు. టీవీ గోలగా ఉందంటే టీవీయే కట్టేశాడు. చివరికి మొన్న ఒకరోజు ఆమే నోరు విప్పింది.

"శనివారం నా పుట్టినరోజు వెళ్లనీరా శౌరీ. సోమవారం రిజిస్ట్రారాఫీసుకు పోదాం. నాకున్నది మీరిద్దరే. నామీద ప్రేమున్నోడికి రాసి పడేస్తా."

ఆ ఇద్దరిలో రెండోవాడు గుమ్మం తొక్కి ఆరేళ్లయింది కాబట్టి శౌరయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

అమలమ్మ దగ్గర రెండు సంగతులు జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకటి, ఆమె ముందు చావు మాట ఎత్తకూడదు. ఆసుపత్రిలో చూసింది చాలంటుంది. శవపేటికలు చేసే కొట్టు ముందునుంచి ఆటో పోతే మధ్యలోనే దిగి ఇంకో ఆటో ఎక్కుతుంది. రెండోది వైను. చర్చివాళ్లతో కలిసి గోవా యాత్రకు వెళ్లినప్పుడు అక్కడ ఎవరో ఆమెకు ఒక గ్లాసు ఇచ్చారు. ఆ గ్లాసు గురించి ఆమె ఇప్పటికీ చెప్తూనే ఉంటుంది.

"ఎర్రటి మంచురా. తాగాలో, చెంచాతో తినాలో తెలవలా. ఐసు ముక్కలేసిన వైను కాదది. వైనే ఐసు. చచ్చేలోపు," అని నాలిక కరుచుకుని, "ఈ ఎండాకాలంలో ఒక్కసారి మళ్లీ తాగితే బాగుణ్ణు" అంటుంది.

శౌరయ్య భార్య సంపూర్ణమ్మ క్రిస్మస్‌కి నల్లద్రాక్షతో ఇంట్లోనే వైను కాస్తుంది. జాడీలో ఇంకా బాగానే మిగిలింది. ఫోనులో వీడియో చూస్తే పని కష్టంగా అనిపించలేదు. వైనును పళ్లేల్లో పోసి గడ్డ కట్టించాలి. పుచ్చకాయ ముక్కలు కూడా గడ్డ కట్టించాలి. రెంటినీ పంచదార పాకంతో, నిమ్మరసంతో కలిపి మిక్సీలో వేయాలి. అంతే. వీడియోలో ఆ పిల్ల రెండు నిమిషాల్లో చేసి నవ్వింది.

శుక్రవారం సాయంత్రం పళ్లేలు ఫ్రిజ్జులో పెట్టారు. రాత్రంతా శౌరయ్య లేచి లేచి తలుపు తీసి చూశాడు. ఆ ఫ్రిజ్జు తలుపు రబ్బరు వదులై చాలా కాలమైంది. మంచినీళ్లనే సరిగా గడ్డ కట్టించదు, వైను ఏం కట్టిస్తుంది? శనివారం పొద్దున చూస్తే పళ్లేల్లో వైను చల్లటి చారులా కదులుతోంది.

"ఐసు ముక్కలేసి తిప్పితే పోలా?" అంది సంపూర్ణమ్మ.

తిప్పి చూశారు. ద్రాక్షపళ్లు కడిగిన నీళ్లలా వచ్చింది.

అప్పటికే అమలమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కాఫీ తాగి, ఆటోలో గుణదల మేరీమాత గుడికి బయల్దేరింది. అక్కడ పూజ చూసుకుని, పాత స్నేహితురాళ్లయిన సిస్టర్ల దగ్గర భోంచేసి సాయంత్రానికి వస్తానంది. ఫోను చార్జింగులోనే మర్చిపోయింది. రాత్రంతా నిద్ర లేక శౌరయ్య కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ కళ్లతోనే బావమరిది జోయెల్‌కి ఫోను చేశాడు.

జోయెల్ వ్యాపారం ఫ్రీజరు బాక్సులు అద్దెకివ్వడం. ఎవరైనా పోతే, దూరాన్నుంచి బంధువులు వచ్చేదాకా శవాన్ని ఉంచే గాజుమూత పెట్టెలు.

"బావా, కొత్త బాక్సొకటి నిన్ననే దిగింది. ఇంకా ఎవరూ పడుకోలా. మైనస్ పదిహేను దాకా లాగుద్దని కంపెనీవోడు చెప్పాడు. నాకూ ట్రయలు చూసుకున్నట్టుంటది."

"కొత్తదేగా?"

"బోణీ కూడా కాలేదంటన్నాగా! అక్కకు మాత్రం చెప్పబాక."

"నీ బండి మీద ఆ రాతలుంటాయి, అయి కనపడకూడదు."

"నేను చూసుకుంటాగా."

బండి మీద రాతలు కనపడకుండా జోయెల్ తెల్ల దుప్పటి కప్పుకొచ్చాడు. రోజూ ఆ బండి పక్కనుంచి పోయినా చదవనివాళ్లు ఇవాళ ఆగి, దుప్పటి అంచు కింద ఏముందో వంగి మరీ చదివారు. ఎదురింటి వెంకటరావమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నలుగురు మనుషులు గాజుమూత పెట్టెను మోసుకుంటూ శౌరయ్య ఇంట్లోకి పోవడం చూసి, ఆరేసే చీరను అలాగే భుజాన వేసుకుని నిలబడిపోయింది.

లోపల సంపూర్ణమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఆరడుగులుందేంట్రా ఇది?"

"కేటరింగుదక్కా. చేపలు పెడతారు."

"ఇంతింత చేపలా?"

"కైకలూరు నించి పెద్ద పెద్దయి వస్తాయక్కా."

హాల్లోని ప్లగ్గు తప్ప మిగతావి గట్టిగా లేవు కాబట్టి పెట్టెను హాలు మధ్యలో పెట్టారు. వైను పళ్లేలు, పుచ్చకాయ ముక్కల పళ్లేలు వరసగా సర్దారు. కోయని పుచ్చకాయ ఒకటి మిగిలితే అదీ చల్లబడుతుందని ఒక చివర పెట్టారు. గాజుమూతలోంచి అంతా కనిపిస్తోంది, అత్తయ్య వస్తే ఇట్టే తెలిసిపోతుందని సంపూర్ణమ్మ తెల్ల దుప్పటి తెచ్చి లోపల పళ్లేల మీద కప్పింది. కొత్త ప్లాస్టిక్ వాసన కొడుతోందని పక్కన రెండు అగరవత్తులు కూడా వెలిగించింది. ఆ తర్వాత పాకం పట్టడానికి వంటింట్లోకి పోయింది. గాలి ఆడాలని వీధి తలుపు బార్లా తీసే ఉంది.

పదింటికల్లా వెంకటరావమ్మ ఫ్లాస్కుతో కాఫీ, గిన్నెలో ఉప్మా పంపింది. పోయినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే చూసుకోవాలి. వెనకింటివాళ్లు ఇడ్లీ పంపారు. మూలింటివాళ్లు మజ్జిగ పంపారు. శౌరయ్యకు కళ్లు చెమర్చాయి.

"చూశావా సంపూర్ణా? అత్త పుట్టినరోజని ఎవరూ చెప్పకుండానే ఎంత అభిమానమో!"

మేడమీద అమలమ్మ ఫోను ఆగకుండా మోగుతోంది. శుభాకాంక్షలు చెప్పేవాళ్లకు అంతు లేదని శౌరయ్య దాన్ని మోగనిచ్చాడు. సాయంత్రం కేకు కోయడానికి ముందే చెప్పిన షామియానా వచ్చింది. కుర్చీలు దిగాయి. దిగిన కుర్చీల్లో మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. వెంకటరావమ్మ భర్త చౌడయ్య చీరల వ్యాపారం చేస్తాడు, పెద్దమనిషి. ఆయన వచ్చి శౌరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ కళ్ల ఎరుపు చూసి ఆయనకు జాలేసింది.

"మాకొక్క మాటన్నా చెప్పలేదేంటండీ?"

"హడావుడిలో కుదర్లేదండీ చౌడయ్యగారూ. సాయంత్రం మాత్రం మీరుండాలి."

"ఉండకపోతే ఎట్టాగండీ. ఎన్నింటికి?"

"ఆరింటికి. ఫాదరుగారొచ్చి ప్రార్థన చేస్తారు."

"ఎనభై నిండినట్టేనా?"

"ఇవాళ్టితో నిండినయ్యండీ."

"బాధపడలేదు కదా?"

"బాధెందుకండీ! పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కాఫీ కూడా తాగింది."

"ఎంత పుణ్యాత్మురాలు!" అన్నాడు చౌడయ్య. ఆ మాట పక్క కుర్చీకి, అక్కణ్ణుంచి వీధి చివరికి పాకింది. పట్టుచీర, కాఫీ, ఆ వెంటనే అంతా అయిపోవడం. ఇలాంటి చావు రాసిపెట్టి ఉండాలని చాలామంది అసూయపడ్డారు.

గ్లాసులు, పెద్ద మిక్సీ అద్దెకు తేవాలని శౌరయ్య గవర్నర్‌పేట బయల్దేరాడు. ఇంటి యజమాని ఎండలో ఏర్పాట్ల కోసం పరిగెత్తుతున్నాడని కుర్చీల్లో ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు. అతను అటు వెళ్లగానే, మేడమీద మోగి మోగి ఎవరూ ఎత్తని ఫోను అవతల ఉన్న మనిషి కొండపల్లి నుంచి బస్సెక్కాడు. ఆ ఉదయం అత్తకు శుభాకాంక్షలు చెబుదామని తనే మొదట చేసి, జవాబు రాక, చర్చిలో తెలిసినవాళ్లకు చేసి కబురు విన్న అబ్రహాము.

అబ్రహాము హాల్లోకి వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. బస్సులో ఒకటి, దిగే తొందరలో ఒకటి పోయాయి. అగరవత్తుల పొగ, తెల్ల దుప్పటి, దుప్పటి కింద ఒక చివర గుండ్రంగా ఎత్తుగా తల. చూడగానే పెట్టె మీద బోర్లా పడ్డాడు.

"అత్తా! ఒక్కసారి నన్ను తిట్టత్తా! ఆరేళ్లయింది నీ తిట్లు విని!"

ఆ ఏడుపు విని గుమ్మంలో చేరిన ఆడవాళ్లు అందుకున్నారు. సంపూర్ణమ్మ పాకం గరిటెతో బయటికొచ్చి చూసింది. పెట్టెలో ఉన్నది వైనని ఆమెకు తెలుసు. కానీ ఇంతమంది ఊరికే ఏడవరు కదా. అత్తయ్య గుణదల మెట్ల మీద పడిపోయి ఉంటుంది, తనకు చెప్పలేక అందరూ ఇట్లా వచ్చారనుకుంది. గరిటె అక్కడ పడేసి ఆమె కూడా గోడకు చేరగిలబడి ఏడుపు మొదలుపెట్టింది. కోడలే ఏడుస్తోంది కాబట్టి ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

శౌరయ్య గవర్నర్‌పేట నుంచి వచ్చేసరికి అయిదు కావస్తోంది. వీధి మొదట్లో రెండు గడకర్రల మధ్య ఫ్లెక్సీ కట్టి ఉంది. "అశ్రునివాళి" అని పెద్దక్షరాలు. మధ్యలో అమలమ్మ ఫొటో. కింద చర్చి కుర్రాళ్ల ఫొటోలు, అన్నిటికంటే పెద్దది శౌరయ్యదే. ఎవరి పెళ్లిలోనో నల్లకళ్లద్దాలు పెట్టుకుని దిగింది, నవ్వుతున్నాడు.

అతను మిక్సీ ఒళ్లో పెట్టుకుని ఆటోలోనే కాసేపు కూర్చున్నాడు. పొద్దుటి ఉప్మా, ఇడ్లీ, మజ్జిగ, చౌడయ్య చేతులు వరసగా గుర్తొచ్చాయి. తర్వాత సోమవారం గుర్తొచ్చింది. అమలమ్మ వచ్చేది ఈ దారినే. చావు మాటే వినలేని మనిషి తన చావు ఫ్లెక్సీ చూస్తే ఇక పెట్టె సర్దుకోవడమే, స్థలం గోవిందా.

ముందు ఇంట్లోకి పరిగెత్తాడు. అబ్రహామును చూశాడు. ఆరేళ్ల తర్వాత తమ్ముడితో అతను మాట్లాడిన మొదటి మాట "లెగరా!"

"ఇయ్యాళైనా నన్నేమీ అనబాకన్నయ్యా."

"ఒరే, అందులో అత్త లేదురా! పుచ్చకాయుంది!"

వెంకటరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మతి చలించిందండీ పాపం. సొంత తల్లిలా చూసుకున్నాడు. కూర్చోబెట్టండి, కూర్చోబెట్టండి" అన్నాడు చౌడయ్య. ఇద్దరు పట్టుకుని కుర్చీలో కుదేశారు. ఒకాయన నెత్తిన మంచినీళ్లు కొట్టాడు.

"వైనండీ అది! వైను!" అని అరిచాడు శౌరయ్య.

"తాగి గూడా ఉన్నట్టున్నాడు" అని వెనకనించి ఎవరో అన్నారు. "తాగడా మరి, ఇంత బాధలో."

మూత తీసి చూపిద్దామంటే అబ్రహాము మూత మీదే పడుకుని ఉన్నాడు. ఇక వీళ్లతో పెట్టుకుంటే లాభం లేదు, ముందు ఫ్లెక్సీ సంగతి చూడాలని శౌరయ్య అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన జోయెల్ రెక్క పట్టుకుని వీధి మొదటికి లాక్కుపోయాడు. ఇద్దరూ ఫ్లెక్సీ వెనకవైపు చేరి తాళ్లు విప్పడం మొదలెట్టారు.

సరిగ్గా అప్పుడే ఫ్లెక్సీకి ముందువైపు, రోడ్డు మీద ఆటో ఆగింది.

"ఎవరో పోయినట్టున్నారు మామ్మగారూ. ఎవరంటారు?" అన్నాడు ఆటోవాడు.

అమలమ్మ కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

"నేనే" అంది.

ఆటోవాడు ఆమె మొహం చూశాడు, ఫ్లెక్సీలో మొహం చూశాడు, డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

అమలమ్మ కదలకుండా నిలబడింది. ఫ్లెక్సీ గుడ్డకు అవతల మనిషి కనపడడు కానీ మాట బాగా వినపడుతుంది.

"తొందరగా ఇప్పరా! ముసల్దొచ్చే టైమైంది!"

"ముడి బిగుసుకుపోయింది బావా. చూస్తే చూసిద్ది, నవ్వుకుంటదిలే."

"నవ్వుద్దా? సోమవారం సంతకం పెట్టాల్సిన మనిషిరా! రెండేళ్లు ఆ గొణుగుడు, ఆ వంకలు, ఆ గోవా కబుర్లు దేనికి భరించాననుకున్నావు? దానిమీద ప్రేమ కారిపోయా? రిజిస్ట్రేషనైన మర్నాడు పోతే పోనీ, ఇంతకంటే పెద్ద ఫ్లెక్సీ నేనే కట్టిస్తా!"

ముడి ఊడింది. ఫ్లెక్సీ జారి కింద పడింది. అవతల పట్టుచీరలో అమలమ్మ నిలబడి ఉంది.

శౌరయ్య ఆమె మొహంలోకి చూశాడు. అందులో ఏమీ కనపడలేదు.

"వైను గడ్డ కట్టిందంట్రా?" అంది ఆమె.

ఆ ఒక్క మాటతో అతనికి ప్రాణం లేచొచ్చింది. వినలేదు, ట్రాఫిక్ మోతలో ఏం వినపడుతుందిలే అనుకున్నాడు.

అమలమ్మ షామియానా కిందనుంచి నడుచుకుంటూ లోపలికి వెళ్లింది. మొదట చూసింది చౌడయ్య. చేతిలో కాఫీ గ్లాసు కాళ్ల మీద ఒలికినా ఆయనకు తెలియలేదు. ఆడవాళ్లు కెవ్వున కేకేసి ఒకళ్ల వెనక ఒకళ్లు నక్కారు. సంపూర్ణమ్మ మాత్రం ఎదురొచ్చి, ముందు ఆమె చెయ్యి గిల్లి చూసింది. వేడిగానే ఉంది. ఈ సద్దుకు అబ్రహాము తల ఎత్తాడు. పెట్టె వంక, అత్త వంక రెండుసార్లు చూసి, ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"ఎందుకురా ఆ ఏడుపు?"

"చచ్చిపోయావనత్తా!"

ఆ మాట ఆమె ముందు పలికినందుకు శౌరయ్య కళ్లు మూసుకున్నాడు. లోపల మాత్రం అబ్రహాము పని అయిపోయిందని కొంచెం సంతోషం కూడా కలిగింది.

అమలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. హాలంతా కలయజూసింది. "ఇంతమందొచ్చారా నాకోసం? ఆ చివర నుంచున్నది మూలింటామె కదూ? నాతో మాట్టాడదుగా, ఆమె కూడా ఏడ్చిందా?"

"మజ్జిగ కూడా పంపిందత్తయ్యా" అంది సంపూర్ణమ్మ.

అమలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏందో అనుకుని ఇన్నేళ్లూ హడలి చచ్చా. బానే ఉందిగా! తియ్యండి, ఆ మూత తియ్యండి."

మూత తీశారు. దుప్పటి ఎత్తారు. పళ్లేల్లో వైను ఎర్రటి అద్దంలా గడ్డ కట్టి ఉంది. గరిటెతో కొడితే టంగుమంది. మిక్సీలో పుచ్చకాయ ముక్కలతో, పాకంతో, నిమ్మరసంతో తిప్పితే కుంకుమరంగు మంచులా పొంగింది. అంతిమ ప్రార్థన పుస్తకం పట్టుకుని వచ్చిన ఫాదరుగారు సంగతి విని, దాన్ని సంచిలో పెట్టేసి, గ్లాసు అందుకున్నారు. వెంకటరావమ్మ "ఆ పెట్టెలోదా? మాకొద్దు తల్లీ" అని దూరం జరిగింది. చౌడయ్య "పుచ్చకాయేగదే" అని రెండు గ్లాసులు తాగాడు.

అమలమ్మ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"గోవాదానికంటే బాగుందిరా శౌరీ" అంది. శౌరయ్య ఆ రాత్రి కూడా హాయిగా నిద్రపోయాడు.

సోమవారం రిజిస్ట్రారాఫీసులో అబ్రహాము కూడా కనిపించాడు. సాక్షిగా రమ్మని ఉంటుందని శౌరయ్య సర్దుకుపోయాడు. పెద్దమనసుతో "కాఫీ తాగావంట్రా?" అని పలకరించాడు కూడా. పేర్లు పిలిచినప్పుడు ముందుకెళ్లి సంతకం పెట్టబోతే, గుమాస్తా అతని వేలు పట్టుకుని, అబ్రహాము పేరు దాటించి, కాగితం కింది భాగానికి దించాడు.

"మీరిక్కడండీ. సాక్షి."

శౌరయ్య మేనత్త వంక తిరిగాడు.

"రెండేళ్లు భరించావుగా నాయనా," అంది అమలమ్మ, సంచీ భుజాన వేసుకుంటూ. "ఇంక కష్టపెట్టన్లే. కొండపల్లి పోతున్నా. ఆ మిక్సీ అద్దె మాత్రం ఇచ్చెయ్, మర్చిపోబాక."

పెనమలూరు పక్కన, తారురోడ్డు ముఖంగా, ముప్పై ఆరున్నర సెంట్లు.